ఇద్దరు డాక్టర్ల పుస్తకాల ఉత్తరాలు మీ చేతికొస్తే

వైద్య చరిత్ర మీదా పాత పుస్తకాల మీదా మోజున్న ఇద్దరు డాక్టర్లు ఏళ్ల తరబడి రాసుకున్న ఉత్తరాల కట్ట ఏదో దారిన మీ దగ్గరకు చేరిందనుకోండి. నాకు మా ప్రొఫెసరుగారి ఇంటినుంచి వచ్చింది. ఆయనది జనరల్ మెడిసిన్, అవతలి ఆయన సర్జను. ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్ల పేర్లతో మనకు పనిలేదు గానీ, పద్ధతి చెప్పడానికి ఆ కట్ట బాగా అక్కరకొస్తుంది. అచ్చయిన ఉత్తరాలు చదివేవాళ్లకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ముందే ఒకటి చెప్పేస్తాను. ఇలాంటి ఉత్తరాలు చదివేటప్పుడు కళ్లు కబుర్ల మీదకు పోతాయి. ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరితో ఎవరికి పడదు, ఎవరి పెళ్లిలో ఏం జరిగింది. మధ్యలో "ఆఖరి ఆకు లేదు, బైండింగు తర్వాత వేసింది, రెండో బొమ్మకు అంచు కత్తిరించారు" లాంటి వాక్యం రాగానే గబగబా దాటేస్తాం. దాటొద్దు. చాలాసార్లు ఆ ఉత్తరం రాసిందే ఆ వాక్యం కోసం. కబుర్లు మర్యాద కోసం చేర్చినవి. ఈ జాతి ఉత్తరాలను మనిషిని పట్టుకుని చదివితే సగమే అందుతుంది. పుస్తకాన్ని పట్టుకుని చదివితే మనిషి కూడా వెంట వస్తాడు.

కట్ట విప్పేటప్పుడు

విప్పగానే తేదీల వారీగా పేర్చాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. ఇప్పుడున్న వరసలోనే పైనుంచి కిందికి ఒక్కో కాగితం మూలన పెన్సిలుతో సన్నగా నంబరు వేసి, రెండు వైపులా ఫొటో తీసి, ఆ తర్వాతే కదపండి. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు ఉత్తరంతోపాటు ఇంకా చాలా దాస్తారు: షాపు బిల్లు, కేటలాగులోంచి కత్తిరించిన ముక్క, ముఖపత్రం ఫొటో, వెతకాల్సిన పుస్తకాల చిట్టా. ఏది ఏ ఉత్తరంతో ఉందన్నది పోయిందంటే "దీంతో పంపుతున్నది చూడు" అన్న మాటకు ఆ పంపింది ఇక దొరకదు.

తుప్పు పట్టిన గుండుసూదులు నెమ్మదిగా తీసేయండి, తీసినట్టు రాసుకోండి. చిరిగిన చోట సెల్లోటేపు వేయకండి. కొన్నాళ్లకు జిగురు పసుపెక్కి అక్షరాలను మింగుతుంది. కవర్లు పారేయకండి, లోపల తేదీ లేనప్పుడు పోస్టు ముద్రే దిక్కు.

మరీ పాత ఉత్తరాలైతే కవరే ఉండదు. కాగితాన్నే మడిచి, బయటి మడత మీద చిరునామా రాసి, లక్కతో అతికేవాళ్లు. బ్రిటన్‌లో 1840లో పెన్నీ స్టాంపు వచ్చేదాకా టపా ఖర్చు సాధారణంగా అందుకున్నవాడి నెత్తిన పడేది, అందుకే కాగితం అంచుదాకా నింపేవాళ్లు. లక్క ఊడదీసిన చోట కాగితం చిల్లు పడి ఒకటి రెండు మాటలు ఎగిరిపోతాయి. ఆ మాటలు పోయాయని నిరాశపడేముందు ఎదుటి మడత మీద లక్క ముద్ద చూడండి, చిరిగిన ముక్క దాని కింద అంటుకుని ఉండొచ్చు. అచ్చులో చదివేవాళ్లకు ఈ అదృష్టం లేదు. అక్కడ చుక్కలు మాత్రమే కనిపిస్తాయి.

అవతలివాడి మాట ఎక్కడ?

ఒకరి ఇంట్లో దొరికే కట్టలో మామూలుగా ఆయనకు వచ్చినవే ఉంటాయి. ఆయన రాసినవి అవతలివాళ్ల ఇంట్లో ఉంటాయి, లేదా పొయ్యిలో పోయి ఉంటాయి. స్విట్జర్లాండ్ వైద్యుడు ఆల్‌బ్రెఖ్ట్ ఫాన్ హాలర్ (1708–1777) ఉత్తరాలు సుమారు 17,000 మిగిలాయి. ఆయనే వైద్యగ్రంథాల పెద్ద పట్టికలు తయారుచేసినవాడు, ఊరూరా డాక్టర్లు ఆయనకు పుస్తకాల సమాచారం పంపేవాళ్లు. ఆ రాశిలో ఎక్కువ భాగం ఆయనకు వచ్చినవే, ఆయన రాసినవి తక్కువ. పారిస్ వైద్యుడు గీ పతాన్ (1601–1672) సంగతి తిరగబడింది. లియోన్‌లోని డాక్టరు షార్ల్ స్పోన్‌కు ఆయన రాసినవి బోలెడు నిలిచాయి. స్పోన్ జవాబులు అన్ని లేవు. లియోన్‌లో అచ్చయ్యే పుస్తకాలు స్పోన్ చూసిపెట్టాలి, పారిస్‌లో వచ్చేవి పతాన్ పంపాలి. మధ్యలో ఆంటిమొనీ అనే ఖనిజంతో చేసే మందు మీద తిట్లు, మంత్రి మజారాన్ మీద ఇంకా పెద్ద తిట్లు. ఒకవైపే చదివితే పతాన్ వట్టి నోటిదురుసు మనిషిగా మిగులుతాడు. ఆయన ఫలానా పుస్తకం మూడోసారి అడుగుతున్నాడంటే, అవతల స్పోన్ రెండుసార్లు దొరకలేదని రాసి ఉంటాడని ఊహించుకుంటూ చదవాలి. ఆ ఉత్తరాలన్నిటినీ మన కాలంలో పారిస్‌లోనే ఒక మెడిసిన్ ప్రొఫెసరు వివరణలతో సహా అందరికీ అందుబాటులోకి తెచ్చాడు. డాక్టర్ల ఉత్తరాలకు డాక్టరే టీక రాస్తే ఎలా ఉంటుందో చూడాలంటే అది తెరవండి.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పెద్ద పని రెండో సగం కోసం వెతకడం. అవతలి కుటుంబానికి రాయండి. టైపు మిషను కాలం వాళ్లయితే కార్బన్ కాపీలు ఉండే అవకాశం ఎక్కువ. సెక్రటరీకి చెప్పి రాయించే అలవాటున్నవాళ్ల దగ్గర అవి ఫైళ్లలో వరసగా ఉంటాయి. నా కట్టలో ప్రొఫెసరుగారు చేత్తో రాసేవారు, కాపీ ఉంచుకునే ఓపిక లేదు. సర్జనుగారి అమ్మాయి తండ్రి పుస్తకాలు తిరగేస్తే కొన్ని బయటపడ్డాయి. ఉత్తరాలను ఆయన అవి ఏ పుస్తకం గురించో ఆ పుస్తకంలోనే పెట్టేవారట. ఈ అలవాటు చాలామందికి ఉంటుంది. అలమరా ఖాళీ చేసి పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేముందు ఒక్కోదాన్ని దులిపి చూడమని ఆ ఇంటివాళ్లకు గట్టిగా చెప్పండి. దొరికిన కాగితం ఏ పుస్తకంలో, ఏ పుటల మధ్య ఉందో కూడా రాసిపెట్టమనండి.

రెండు వైపులా దొరికాక విడివిడిగా చదవకండి. ఒక ఉత్తరం, దాని జవాబు, దానికి జవాబు; అలా జతకట్టి చదవండి.

పుస్తకానికొక పుట

ఒక మందపాటి నోటుబుక్కు తీసుకోండి. కంప్యూటరులో పట్టిక అయినా సరే. ఉత్తరంలో పేరు తగిలిన ప్రతి పుస్తకానికీ ఒక పుట కేటాయించండి. అందులో రాయాల్సింది: ఏ ఉత్తరంలో వచ్చింది, ఆ మాట యథాతథంగా ఏమిటి, ఏ ముద్రణ, ఎవరి ప్రతి, ఏం లోపించింది, ఎక్కణ్నించి వచ్చి ఎక్కడికి పోయింది. ఎరువు ఇచ్చుకున్నారా, తిరిగొచ్చిందా అన్నది కూడా. చాలా గళ్లు ఖాళీగా ఉంటాయి. ఉండనివ్వండి.

ఈ పని ఎందుకో ఒక ఉదాహరణతో చూపిస్తాను. సర్జనుగారు ఒక కార్డులో ఇలా రాశారు: "హార్వే చేరాడోయ్. 1628! నువ్వు నవ్వుతావని తెలుసు, అయినా ముఖపత్రం చూస్తూ పొద్దు పుచ్చాను. ఇంగ్లీషు కూడా కలిపి కట్టారు, లాటిన్ మర్చిపోయిన నాలాంటివాడికి అదే మందు." తొందరపడి చదివితే ఏమనిపిస్తుంది? రక్తప్రసరణ మీద విలియం హార్వే గ్రంథం మొదటి ముద్రణ, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫిట్జర్ వేసింది, ప్రపంచంలో కొద్ది ప్రతులే మిగిలింది, ఈయన దగ్గర ఉండేదన్నమాట అని! అలా రాసేస్తే ఆ కుటుంబం ఇల్లంతా తవ్వుకుంటుంది. కిటుకు చివరి వాక్యంలో ఉంది. 1628 నాటి అసలు పుస్తకం లాటినే, ఇంగ్లీషు కలిపి కట్టే ప్రశ్నే లేదు. మూడువందల ఏళ్ల పండగకు, 1928లో, చాన్సీ లీక్ ఇంగ్లీషు అనువాదంతో అసలు లాటిన్ పుటల నకలు కూడా చేర్చి అమెరికాలో ఒక ముద్రణ వచ్చింది. అందులో ముఖపత్రం నకలు మీద 1628 అనే ఉంటుంది. సర్జనుగారి దగ్గర ఉన్నది అదే అయి ఉండాలి. "నువ్వు నవ్వుతావని తెలుసు" అన్నది అందుకే.

ప్రొఫెసరుగారి జవాబు కూడా దొరికింది కాబట్టి ఇంకో మెట్టు ఎక్కొచ్చు. "నవ్వలేదు. పుటలు లెక్కపెట్టు, 72 ఉండాలి. తప్పొప్పుల పట్టిక నకలు కూడా వేశారో లేదో చూసి రాయి." అసలు 1628 ప్రతుల్లో కూడా ఆ తప్పొప్పుల ఆకు తరచుగా కనిపించదు. అది తెలిసినవాడు అడిగే ప్రశ్న ఇది. నకలు ప్రతిని కూడా అసలు ప్రతికిచ్చే మర్యాదతో చూడమని మిత్రుడికి చెబుతున్నారు. వీళ్ల స్నేహం ఎలాంటిదో ఏ కబురూ ఇంత బాగా చెప్పదు. 72 దగ్గర ఆగకపోతే ఇది మనకు అందదు.

మనిషి శరీర నిర్మాణం మీద బొమ్మలతో ఫాబ్రికా అనే గ్రంథం రాసిన వెసేలియస్ దగ్గర ఇదే చిక్కు నాలుగింతలు. "వెసేలియస్ చూశాను" అంటే ఏది చూశాడు? 1543లో బాసెల్‌లో ఓపోరినస్ వేసిన ఫాబ్రికా మొదటి ముద్రణా, 1555 నాటి రెండోదా, 1725లో లైడెన్‌లో బోయర్‌హావ, ఆల్బినస్ కలిసి తెచ్చిన సంపుటాలా, లేక 1934లో, మొదట బొమ్మలు అచ్చువేసిన కొయ్య దిమ్మెల్లో మిగిలినవాటితోనే మ్యూనిక్‌లో మళ్లీ కొట్టిన బొమ్మల సంపుటమా? ఉత్తరంలో ఆనవాళ్లు వెతకండి. కొయ్యకు బదులు రాగి చెక్కడాల ప్రస్తావన ఉంటే 1725 వైపు చూడండి. "దిమ్మెలు ఇంకా బతికే ఉన్నాయట" అని ఆశ్చర్యం ఉంటే 1934 ప్రాంతం. ఆ దిమ్మెలు రెండో ప్రపంచయుద్ధంలో మ్యూనిక్ మీద పడ్డ బాంబులకు కాలిపోయాయి కాబట్టి ఆ వాక్యం తర్వాతి కాలానిది కానేరదు. "164వ పుట గోడకు తగిలించాను" అంటే మొదటి ముద్రణలో పుర్రె మీద చెయ్యి వేసి ఆలోచిస్తున్న అస్థిపంజరం బొమ్మ నకలు. డాక్టర్లకు బాగా ఇష్టమైన పుట అది. నిజం చెప్పాలంటే నాకు అంత ఇష్టం లేదు, కండరాల బొమ్మలే గొప్పవి.

సెర్వెటస్ పేరు వస్తే మరింత ఆచితూచి రాయండి. ఊపిరితిత్తుల గుండా రక్తం తిరుగుతుందని ఒక మతగ్రంథంలో రాసిన మైకేల్ సెర్వెటస్‌ను 1553లో జెనీవాలో సజీవంగా దహనం చేశారు. ఆ గ్రంథం అసలు ప్రతులు మూడే మిగిలాయి: పారిస్, వియన్నా, ఎడిన్‌బరోలలో. ఎడిన్‌బరో ప్రతికి మొదటి 16 పుటలు లేవు, చేత్తో రాసి చేర్చారు. పారిస్ ప్రతి ఒకప్పుడు లండన్ వైద్యుడు రిచర్డ్ మీడ్ (1673–1754) చేతిలో ఉండేది. 1790లో న్యూరెంబర్గ్‌లో పుటకు పుట సరిపోయేలా తిరిగి ముద్రించారు. కనుక ఏ డాక్టరైనా "నా సెర్వెటస్" అని రాశాడంటే అది 1790దో, ఇంకా తర్వాతి నకలో అయ్యుంటుంది. మూడింటిలో ఒకటి చూడటానికి ప్రయాణం కట్టి ఉంటే ఊరి పేరు రాయకుండా ఉండడు.

ఇక సైజులు. పాత పుస్తకాల వాళ్లు ఫోలియో, క్వార్టో, ఆక్టావో అని పూర్తిగా రాయరు. అంకె వేసి పక్కన పైన చిన్న సున్నా చుడతారు: 4°, 8°. మన డాక్టర్ల కళ్లకు అది ఉష్ణోగ్రతలా కనిపిస్తుంది. "బ్రౌన్ 8°, బాగున్నాడు" అంటే ఏ రోగి గురించో కాదు. అచ్చు కాగితాన్ని మూడుసార్లు మడిస్తే వచ్చే ఆక్టావో సైజులో ఉన్న, ఇంగ్లీషు వైద్యుడు థామస్ బ్రౌన్ రాసిన పుస్తకం బాగుందని. ఆ బ్రౌన్ పుస్తకం రెలిజియో మెడిసీని ఉత్తరాల్లో "ఆర్.ఎం." అని రెండక్షరాల్లో తేల్చేస్తారు. ఆ పక్కన 1642 ఉందా 1643 ఉందా చూడండి. మొదటిది రచయిత అనుమతి లేకుండా వచ్చిన ముద్రణ, రెండోది ఆయన ఒప్పుకుని వేయించింది. పుస్తకాల మనిషికి ఆ ఒక్క ఏడాది తేడాయే ప్రాణం.

నంబర్లతో మాట్లాడుకోవడం కూడా ఉంటుంది. వైద్య చరిత్రలో ముఖ్య గ్రంథాలకు ఫీల్డింగ్ గారిసన్ 1912లో ఒక జాబితా వేస్తే, లెస్లీ మోర్టన్ దాన్ని పెంచి 1943లో నంబర్లతో పుస్తకంగా తెచ్చాడు. ఫాబ్రికా 375, హార్వే 759. నా కట్టలో ఒక కార్డు మీద ఉన్నదంతా ఇదీ: "375 చూశాను. ముట్టుకోనిచ్చారు." సంతకం కూడా లేదు. ఇలాంటి నంబరు కనిపించిందంటే ఇంకో లాభం, ఆ ఉత్తరం 1943 తర్వాతిదని తేలిపోతుంది.

పక్కన పెట్టుకోవాల్సిన పుస్తకాలు మరీ ఎక్కువేం లేవు. గారిసన్–మోర్టన్ ఒకటి. పేరుమోసిన వైద్యుడు విలియం ఆస్లర్ (1849–1919) సొంత గ్రంథాలయానికి కేటలాగు, బిబ్లియోథెకా ఆస్లెరియానా, 1929లో వచ్చింది. ఏడువేలకు పైగా పద్దులు, మధ్య మధ్య ఆస్లర్ రాసుకున్న వ్యాఖ్యలతో. కేటలాగు కూర్చుని చదివించేదిగా ఉండొచ్చని నాకు తెలిసింది దాంతోనే. 1501కి ముందు అచ్చయిన పుస్తకాల ఊసు వస్తే ఆర్నాల్డ్ క్లెబ్స్ 1938లో వేసిన జాబితా. హార్వేకూ బ్రౌన్‌కూ సర్జన్ జెఫ్రీ కేన్స్ తయారుచేసిన గ్రంథసూచికలు. ఈ పేర్లన్నీ డాక్టర్లవే, గారిసన్‌తో సహా. డ్యూటీ అయ్యాక కూర్చుని చేసిన పని. మోర్టన్ ఒక్కడే లైబ్రేరియను.

ఈ సూచికలు చేతిరాత చదవడానికి కూడా పనికొస్తాయి. డాక్టర్ల రాత గురించి వేరే చెప్పాలా? ఉత్తరంలో ఒక లాటిన్ పేరు సగం అర్థమైందనుకోండి, సూచికలో పూర్తి పేరు పట్టుకోండి. ఇప్పుడు ఆ మాటలో ఆయన ఏ అక్షరం ఎలా గీస్తాడో మీకు ఖాయంగా తెలిసినట్టే. అలా నాలుగైదు పేర్లు దొరికితే మిగతా రాత దానంతటదే విచ్చుకుంటుంది. నేను ఒక కాగితం మీద ప్రొఫెసరుగారి అక్షరాలన్నీ అలా గీసి ఎదురుగా అంటించుకున్నాను.

లేని మనుషులు, మారుపేర్లు

ఆస్లర్ ఉత్తరాల్లో "ఈ.వై.డి." అని కనిపిస్తే ఎవరా అని సైన్యం రికార్డులు వెతకడానికి పోకండి. ఎగర్టన్ యోరిక్ డేవిస్, అమెరికా సైన్యంలో మాజీ సర్జను: ఆస్లర్ కల్పించుకున్న మనిషి. కొంటె పనులన్నీ ఆ పేరు మీదే చేసేవాడు. 1884లో ఆ పేరుతో ఒక వింత కేసు రాసి పంపితే ఫిలడెల్ఫియా వైద్య పత్రిక నిజమనుకుని వేసింది, తర్వాత చాలాకాలం దాన్ని నిజమైన కేసుగా ఉదహరించినవాళ్లున్నారు. పుస్తకాల డాక్టర్ల జతల్లో ఇలాంటి మారుపేరు ఒకటి ఉండటం మామూలే. మనిషి ఎక్కడా దొరక్కపోతే, ఆ పేరు వచ్చిన ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టి చదవండి. ఆయన ప్రతిసారీ నవ్వు తెప్పించే పనే చేస్తున్నాడంటే మీకు సంగతి తెలిసిపోయినట్టే.

ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో కూడా వేరే కాగితం మీద రాసుకోండి, ఆ పిలుపు ఎప్పుడు మారిందో చూడండి. బాల్టిమోర్‌లో ఆస్లర్ ఇంటి పక్కింట్లో ఉన్న కుర్ర డాక్టర్ల చేతికి ఆయన తన లైబ్రరీ వాడుకోమని ఇంటి తాళంచెవులు ఇచ్చాడు. వాళ్లలో ఒకడు హార్వీ కుషింగ్ (1869–1939), తర్వాత మెదడు సర్జరీకి పెద్ద పేరు తెచ్చినవాడు. పుస్తకాల జబ్బు అంటుకున్నది ఆ ఇంట్లోనే. కుషింగ్ తన చివరి దశకంలో క్లెబ్స్‌తో, యేల్ ప్రొఫెసరు జాన్ ఫుల్టన్‌తో కలిసి ముగ్గురి పుస్తకాలూ అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఒకేచోట చేర్చాలని పథకం వేశాడు. ఆ గ్రంథాలయం 1941లో తెరిచారు, కుషింగ్ చూడలేదు. 1934 నుంచి 1941 దాకా ముగ్గురి ఉత్తరాల్లోంచి భాగాలు ఏరి 1959లో పుస్తకంగా వేశారు. ఇలాంటి ఉత్తరాలు ఎలా కూర్చాలో నేర్చుకోవడానికి దానికి మించిన పాఠం నాకు కనిపించలేదు. ఒక గది పొడవెంత, పుస్తకాల అరలు ఎటువైపు అన్న చర్చలో కూడా ముగ్గురు మనుషులూ విడివిడిగా వినిపిస్తారు.

పుస్తకాల ఊసు తప్ప ఏమీ లేని ఉత్తరాలు వరసగా వస్తే ఆ నెలల్లో బయట ఏం జరిగిందో తప్పక చూడండి. ఆస్లర్‌కు బతికి ఉన్న ఒక్క కొడుకు రెవీర్ 1917 ఆగస్టు చివర బెల్జియం యుద్ధరంగంలో గాయపడి చనిపోయాడు. ఆ రాత్రి ఆ యుద్ధ ఆసుపత్రి గుడారంలో కుషింగ్ ఉన్నాడు. ఆస్లర్ ఆ తర్వాత రెండేళ్లకు పైగా బతికి, కేటలాగు పని వదలకుండా చేశాడు. అది పూర్తిచేసి అచ్చు వేసింది మాత్రం ఆయన పోయాక ఇతరులు. అలాంటి రోజుల్లో రాసిన ఉత్తరంలో బైండింగు గురించి నాలుగు వాక్యాలుంటే "ఆయనకు మనసు లేదు" అని వివరణ రాయకండి. తేదీ, జరిగింది, రెండూ పక్కపక్కన పెట్టి వదిలేయండి. చదివేవాళ్లకు తెలుస్తుంది.

తేదీ లేనివి

"మంగళవారం, రాత్రి" అని మాత్రమే రాసే మహానుభావులుంటారు. వారం, తేదీ రెండూ ఉండి సంవత్సరం లేకపోతే పాత క్యాలెండరుతో సరిపోల్చండి. ఒక తేదీకి అదే వారం ఐదేళ్లకో, ఆరేళ్లకో, ఒక్కోసారి పదకొండేళ్లకో మళ్లీ వస్తుంది కాబట్టి రెండు మూడు సంవత్సరాలు మిగులుతాయి. వాటిలో ఏదన్నది పుస్తకాలే తేలుస్తాయి. కుషింగ్ రాసిన ఆస్లర్ జీవితచరిత్ర "ఇప్పుడే వచ్చింది" అంటే 1925. దానికి పులిట్జర్ బహుమతి వచ్చిందంటే 1926.

ఇంగ్లండ్ పాత ఉత్తరాల్లో వేరే గుంట ఉంది. 1752 వరకు అక్కడ పాత క్యాలెండరు, అధికారిక సంవత్సరాది మార్చి 25న. లండన్ డాక్టరు 1720 ఫిబ్రవరి అని రాస్తే మన లెక్కన అది 1721 కావచ్చు. జాగ్రత్తపరులు 1720/21 అని రెండూ వేసేవాళ్లు. హాలండ్ అప్పటికే కొత్త క్యాలెండరులో ఉంది, 18వ శతాబ్దంలో తేడా 11 రోజులు. అందుకే లైడెన్ నుంచి లండన్‌కు వచ్చిన ఉత్తరానికి, అది రాసిన తేదీకి ముందే జవాబు వెళ్లినట్టు కాగితం మీద కనిపించగలదు. వరస పేర్చేటప్పుడు రెండు తేదీలూ రాసుకుని, ఒకే క్యాలెండరుకు మార్చి పేర్చండి. మీరు లెక్కగట్టిన తేదీని చదరపు బ్రాకెట్లో పెట్టండి, ఎందుకలా లెక్కగట్టారో ఒక ముక్క రాయండి.

రోగుల ఊసు

పుస్తకాలు ఎంత మాట్లాడుకున్నా వీళ్లు డాక్టర్లు. హార్వే నుంచి వార్డులోకి ఒక్క వాక్యంలో దూకుతారు. రోగి పేరు, ఊరు, జబ్బు, ఒక్కోసారి ఇంట్లో గొడవ కూడా ఉంటాయి. వాళ్లు నమ్మి చెప్పుకున్న సంగతులివి; రాసిన డాక్టరు పోయినా ఆ రోగి పిల్లలు బతికే ఉండొచ్చు. అసలు కాగితం మీద ఎప్పుడూ సిరా పూయొద్దు, కొట్టివేయొద్దు. మీరు తయారుచేసే ప్రతిలో మాత్రం పేరు తీసి ఏదో ఒక అక్షరం పెట్టండి. అసలు పేరులోని మొదటి అక్షరం వాడకండి, చిన్న ఊళ్లో అదొక్కటే చాలు గుర్తుపట్టడానికి. ఉద్యోగం, ఊరు, అరుదైన జబ్బు మూడూ కలిస్తే పేరు లేకపోయినా మనిషి తెలిసిపోతాడు, కాబట్టి ఏదో ఒకటి మబ్బుగా మార్చండి, మార్చినట్టు చెప్పండి. ఏ అక్షరం ఎవరిదో రాసిన కాగితం విడిగా, తాళం వేసి ఉంచండి. డాక్టర్ల సొంత జబ్బులకూ ఇదే మర్యాద. తోటి డాక్టర్ల మీద వేసిన నిందలు, ముఖ్యంగా "అనవసరంగా ఆపరేషన్ చేశాడు" లాంటివి, రెండోవైపు సాక్ష్యం లేకుండా అచ్చువేయకండి.

అచ్చు అంటే గుర్తొచ్చింది. కాగితం మీ చేతిలో ఉన్నంత మాత్రాన అందులోని రాత మీది కాదు. చాలా దేశాల చట్టాల్లో కాగితం అందుకున్నవాళ్లదీ, రాత మీద హక్కు రాసినవాళ్లదీ, వాళ్ల తర్వాత వారసులదీ. అందుకని అచ్చువేసేముందు రెండు కుటుంబాల నుంచీ రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఫోనులో "దానికేం, వేసుకోండి" అన్నది లెక్కలోకి రాదు.

వివరణలు ఎన్ని రాయాలి

చదివేవాళ్లకు తెలియనిది, ఉత్తరం అర్థం కావడానికి కావలసినది మాత్రమే. వెసేలియస్ ఎవరో అరపేజీ రాయనక్కర్లేదు; ఆ వాక్యంలో ఉన్నది ఏ వెసేలియసో ఒక్క లైను చాలు. ఒకే పుస్తకం పది ఉత్తరాల్లో తగిలితే పదిసార్లు వివరించకుండా, మీ నోటుబుక్కులోని ఆ పుటనే శుభ్రం చేసి చివర పుస్తకాల పట్టికగా వేయండి. నా లెక్కలో మనుషుల పేర్ల సూచిక కంటే ఈ పట్టికే విలువైనది, ఎందుకంటే ఇంకో చోట ఇంకెవరో అదే ప్రతి జాడ వెతుకుతుండొచ్చు. పుస్తకం మీద సంతకం, పాత యజమాని స్టాంపు, పురుగు తొలిచిన చిల్లుల చోటు ఉత్తరంలో ఉంటే అవి తప్పకుండా చేర్చండి. ఒక ప్రతిని మరో ప్రతినుంచి వేరుచేసేవి అవే. అక్షరదోషాలు దిద్దకండి. చమత్కారానికి వివరణ రాయకండి, మారుపేరు అయితే తప్ప.

పని అయ్యాక కాగితాలు ఇంట్లో ఉంచుకోకండి. ఉష్ణోగ్రత, తేమ అదుపులో ఉండే గ్రంథాలయమో ఆర్కైవో చూసి, రెండు వైపుల ఉత్తరాలూ ఒకేచోటికి ఇవ్వడానికి రెండు కుటుంబాలనూ ఒప్పించండి. ఇచ్చేటప్పుడు మొదట వేసిన పెన్సిలు నంబర్ల జాబితా, పుస్తకాల పట్టిక, ఏ ఉత్తరం ఏ పుస్తకంలో దొరికిందన్న చీటీలు కలిపి ఇవ్వండి. రోగుల పేర్లున్న ఉత్తరాలు ఎన్నేళ్లు మూసి ఉంచాలో ఒప్పంద పత్రంలో అంకెల్లో రాయించండి.